సారా సంగతి ఎవరూ చెప్పలేదు

పొద్దున్నే క్యారేజీలు కట్టాలి, అయినా నిద్ర పట్టడం లేదు. కారణం చిన్నదే. మా పెద్దది ఇవాళ 'టెర్మినేటర్: ది సారా కానర్ క్రానికల్స్' అనే పాత అమెరికన్ సీరియల్ చివరి ఎపిసోడ్ చూసేసి, "అమ్మా, తర్వాతిది ఏదీ?" అంది. లేదన్నాను. "లేకపోవడమేంటి?" అని నామీదే కోప్పడింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "జనం చూడకపోతే ఆపేస్తారు, వ్యాపారం కదా" అన్నారు. ఆ మాటకి వచ్చిన చిరాకు ఇంకా పోలేదు.

భవిష్యత్తులో యంత్రాల మీద యుద్ధానికి నాయకుడు కావాల్సిన కొడుకు జాన్‌ని వాటి నుంచి కాపాడుకుంటూ, అసలు ఆ యుద్ధమే రాకుండా ఆపాలని చూసే తల్లి సారా కథ అది. జనం చూడలేదన్నది సగమే నిజం. 2008 జనవరిలో మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో కోటి ఎనభై లక్షల మందికి పైగా చూశారు. అప్పటికే అక్కడ రచయితల సమ్మె నడుస్తోంది. దాంతో తొలి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లకే ఆగిపోయింది. కథ అందుకునే వేళకి నెలల తరబడి ఖాళీ. రెండో సీజన్ మధ్యలో మళ్లీ విరామం, ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో శుక్రవారం రాత్రికి తోసేశారు. అక్కడ శుక్రవారం రాత్రి ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాళ్లు తక్కువ.

మాలాంటివాళ్లు చూసేవాళ్లు. టెక్సాస్‌లో ఎమ్మెస్ రోజులవి. ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసిన టీవీ, దాని యాంటెన్నా కిటికీ వైపు వంచితే తప్ప ఫాక్స్ ఛానల్ వచ్చేది కాదు. ఏడింటికి మొదలయ్యేది. మాంద్యం నడుస్తున్న ఏడాది, ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. కుక్కర్‌లో అన్నం, పప్పుచారు, ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి. మా రూమ్మేట్‌కి ఇచ్చిన ఆఫర్ లెటర్‌ని ఒక కంపెనీ వెనక్కి తీసుకున్న వారం కూడా తను ఆ టీవీ ముందే కూర్చుంది. ఏడవలేదు. యాడ్స్ వచ్చినప్పుడు కాలింగ్ కార్డుతో వాళ్లమ్మకి ఫోన్ చేసి, "అంతా బాగానే ఉంది" అని చెప్పి, మళ్లీ వచ్చి కూర్చునేది. ఇక్కడ అప్పటికి ఇంకా పూర్తిగా తెల్లారేది కాదు, ఆవిడ అప్పుడే లేచి పాలు కాస్తూ ఉండేది. జాన్ బాబాయి డెరెక్ చనిపోయిన ఎపిసోడ్ చూసి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఇంట్లోకి అడుగుపెడతాడు, యంత్రం ఎదురవుతుంది, ఒక్క తూటా, అంతే. చివరి మాటలు లేవు, ఎవరి ఒళ్లోనూ తల పెట్టుకోలేదు. చావు అలాగే వస్తుందని ఒక సీరియల్ అంత సూటిగా చెప్పడం నేను అదే చూడటం.

ఏప్రిల్ 10న చివరి ఎపిసోడ్ వచ్చింది. మే నెలలో రద్దు చేశామన్నారు, అదీ కొత్త టెర్మినేటర్ సినిమా అక్కడి థియేటర్లలోకి వస్తున్న వారంలోనే. మా సీరియల్ వెనకే శుక్రవారం వచ్చే 'డాల్‌హౌస్' అనే ఇంకో సీరియల్‌ని మాత్రం ఉంచారు. అది ఫాక్స్ సొంత స్టూడియోది, ఇది వార్నర్ బ్రదర్స్‌ది. కారణం అదొక్కటే అనను. కానీ వ్యాపారం అంటే జనం చూడటం, చూడకపోవడం మాత్రమే కాదని ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పలేదు, అప్పటికే గురక.

ఇంత రాశాక ఇంకోలా అనిపిస్తోంది. రేటింగులు పడిపోతున్నాయని ఈ సీరియల్‌ని సృష్టించిన జోష్ ఫ్రీడ్‌మన్ బృందానికి తెలియకుండా ఉంటుందా? హడావుడిగా ముడులన్నీ విప్పేసి శుభం కార్డు వేయొచ్చు. వాళ్లు అలా చేయలేదు. జాన్‌ని ఏకంగా భవిష్యత్తులోకి పంపారు. అక్కడ డెరెక్ బతికే ఉన్నాడు, తండ్రి కైల్ ఉన్నాడు, ఇన్నాళ్లూ జాన్‌కి కాపలా ఉన్న యంత్రపు అమ్మాయి కామెరాన్ ముఖంతో ఒక మామూలు మనిషి అమ్మాయి ఉంది. జాన్ కానర్ ఎవరో మాత్రం ఒక్కరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచి "నువ్వే నాయకుడివి" అని మోయించిన బరువు ఒక్క క్షణంలో దిగిపోయింది. జాన్ వరకూ చూస్తే అది ముగింపే. ఇంకో సీజన్ వచ్చినా అంతకంటే మంచిది రాసేవాళ్లు కాదేమో. ఇంతకాలం ఛానల్‌ని తిట్టాను గానీ, ఆ దృశ్యం దగ్గర ఆగడం నాకిప్పుడు నచ్చుతోంది.

నచ్చుతోందని రాశానో లేదో సారా గుర్తొచ్చింది. కొడుకు వెళ్తుంటే ఆమె వెనక్కి అడుగేసి ఉండిపోయింది. "నేను ఆపుతాను" అంది. 2005లో క్యాన్సర్‌తో పోవాల్సిన మనిషి, కాలంలో ముందుకి దూకి ఆ ఏడాదిని దాటేసింది. ఆ జబ్బు మళ్లీ వెతుక్కుంటూ వచ్చిందా? ఒంటరిగా ఏం చేసింది? జాన్ వెళ్లిన భవిష్యత్తులో యుద్ధం జరుగుతోందంటే ఆపలేకపోయిందనేగా? సారాగా వేసిన లీనా హెడీని తర్వాత 'గేమ్ ఆఫ్ త్రోన్స్'లో సెర్సీగా ప్రపంచమంతా చూసింది, నాకు మాత్రం ఇప్పటికీ సారానే. సీరియల్‌కి పేరు ఆమెది. ముప్ఫై ఒక్క ఎపిసోడ్లు ఆ ఇంటిని మోసింది ఆమె. ముగింపు దక్కింది కొడుక్కి.

పెద్దది పడుకునే ముందు అడిగింది కూడా అదే, "మరి వాళ్లమ్మ?" అని. దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు మే నెలలో ఫైలు మూసేశారు. రెండు గంటల టీవీ సినిమా ఒక్కటి తీయనిచ్చినా సరిపోయేది. సారా కోసం ఆ మాత్రం ఖర్చు పెట్టాల్సింది.