లీటరుకు ఎంత ఇస్తుంది? ఫోర్ బై ఫోర్ స్ప్రింటర్ డీజిలు లెక్కల పుస్తకం, ఏడో నెల

సెప్టెంబరులో వ్యాన్ కొన్నానని ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "లీటరుకు ఎంత ఇస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. బండి అమ్మినాయన "గ్యాలన్‌కు పదిహేను, ఇరవై మైళ్ల మధ్యలో" అన్నాడు. అంటే లీటరుకు ఆరు కిలోమీటర్ల పైన, ఎనిమిదిన్నర లోపు. అంత తేడా ఉన్న మాటను జవాబు అనలేం. కంపెనీ స్టిక్కరు చూద్దామంటే అసలు అది లేదు. అమెరికాలో గరిష్ఠ బరువు 8,500 పౌండ్లు దాటిన సరుకు వ్యాన్లకు మైలేజ్ స్టిక్కరు అంటించాల్సిన పని లేదు. నాది 2016 మెర్సిడెస్ స్ప్రింటర్ 2500, ఎత్తు కప్పు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది), మూడు లీటర్ల వీ6 డీజిల్ ఇంజను, ఐదు గేర్ల ఆటోమేటిక్. దాని గరిష్ఠ బరువు 8,550. యాభై పౌండ్ల తేడాతో స్టిక్కరు తప్పించుకుంది. కాబట్టి నేనే కొలవాలి.

నాన్న నరసరావుపేట డిపోలో ముప్ఫై రెండేళ్లు ఆర్టీసీ డ్రైవరుగా చేశారు. ఏ డ్రైవరు ఎంత కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) తెచ్చాడో డిపోలో బోర్డు మీద రాసేవాళ్లు. తక్కువ వచ్చినవాడిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు. అక్టోబరు మొదట్లో అమ్మానాన్నలు డెన్వర్ వచ్చారు. మా ఇల్లు ఆరోరాలో. వచ్చిన మూడో రోజే నాన్న ఒక పొడుగాటి నోటు పుస్తకం కొనిపించి స్కేలుతో గడులు గీశారు. తేదీ, మీటరు, పోసిన డీజిలు, దారి, స్పీడు. ఆ పుస్తకంలో ఇప్పటికి 31 ఫిల్లింగ్‌లు ఉన్నాయి. 8,412 మైళ్లకు 527 గ్యాలన్లు. గ్యాలన్‌కు 15.96 మైళ్లు, లీటరుకు 6.8 కిలోమీటర్లు. ఆ అంకె దగ్గరికి రావడానికి చాలా తప్పులు దిద్దుకోవాల్సి వచ్చింది. ఈసారి ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

పంపు దగ్గర

మొదటి నెల లెక్కలు చూస్తే పిచ్చెక్కింది. ఒక ఫిల్లింగ్‌లో గ్యాలన్‌కు 19.8 మైళ్లు, తర్వాతదానిలో 12.6. అదే దారి, అదే మనిషి. ఇంజనుకేదో రోగం వచ్చిందని టెన్షన్ పడ్డాను. చివరికి తేలిందేంటంటే, ఒక బంకులో పంపు చాలా వేగంగా పోస్తోంది. డీజిలు నురగ కట్టి గొట్టం మూతి దాకా పొంగుతోంది, ట్యాంకు నిండకముందే పంపు టక్కున ఆగిపోతోంది. దాదాపు నాలుగు గ్యాలన్లు వెలితి ఉండగానే నిండింది అనుకున్నాను. ఆ వెలితి తర్వాతి ఫిల్లింగ్ మీద పడింది.

ఇప్పుడు పద్ధతి ఇది. కొలత కోసమైతే ఎప్పుడూ అదే బంకు, అదే పంపు. పంపు చేతిపిడిని అన్నిటికన్నా తక్కువ మెట్టులో పెడతాను. మొదటిసారి ఆగాక ఒక నిమిషం ఆగి నురగ దిగనిస్తాను. మళ్లీ మెల్లగా పోసి రెండోసారి ఆగగానే చాలిస్తాను. ఈ బండిలో డీజిలు మూత డ్రైవరు తలుపు వెనకే ఉంటుంది, తలుపు తెరిస్తే తప్ప మూత తెరుచుకోదు. డిసెంబరులో మంచు గాలి లోపలికి కొడుతుంటే నాన్న శాలువా కప్పుకుని కూర్చుని "మొదటిది ఆగింది, నిమిషం ఆగు" అని వాచీ చూసి చెప్పేవారు.

అక్టోబరు: మోయాబ్

ముందు బరువు తూయించాను. హైవే పక్కన లారీల కోసం ఉండే క్యాట్ స్కేల్ మీదకు ఎక్కిస్తే ఇరుసు ఇరుసుకీ విడిగా తూచి చీటీ ఇస్తారు. ట్యాంకు నిండా డీజిలు, 25 గ్యాలన్ల నీళ్లు, మంచం, బ్యాటరీలు, ముగ్గురు మనుషులు, అమ్మ సర్దిన బియ్యం, పచ్చళ్లు అన్నీ కలిపి 8,180 పౌండ్లు, అంటే 3,710 కిలోలు. అందులో నీళ్లే 95 కిలోలు.

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమటికి వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. ఎక్కుతున్నంతసేపూ ఓబీడీ పరికరం (ఇంజను కంప్యూటరుకు తగిలిస్తే అప్పటికప్పటి మైలేజ్ చూపించేది) గ్యాలన్‌కు ఆరు, ఏడు మైళ్లే చూపిస్తోంది. నాకు గుండె జారిపోయింది. నాన్న మాత్రం "ఘాట్‌లో చూడకూడదురా చిన్నోడా, కింద ఊళ్లోకి దిగాక చూడు" అన్నారు. టన్నెల్ దాటాక సిల్వర్‌థార్న్ వైపు ఏడు శాతం వాలు. నేను బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నాను. నాన్న చెయ్యి గేరు లివరు మీదకు వచ్చింది. ఎడమవైపు ఒకసారి నెడితే నాలుగు, మళ్లీ నెడితే మూడు. ఇంజను గొంతు పెంచింది, బండి తనంత తనే అదుపులోకి వచ్చింది. ఓబీడీలో డీజిలు వాడకం సున్నా అయింది. యాక్సిలరేటరు వదిలి గేరులో దిగుతున్నప్పుడు ఇంజెక్టర్లు డీజిలు పోయవు. "బ్రేకు తొక్కావంటే పోసిన డీజిలుని వేడి చేసి గాల్లో కలిపినట్టే. ముందున్న బండి చూసుకుని వంద గజాల ముందే కాలు తియ్యి."

గ్రాండ్ జంక్షన్‌లో ట్యాంకు నింపితే 255 మైళ్లకు 15.7 గ్యాలన్లు. 16.2 వచ్చింది. రెండు పెద్ద కనుమలు ఎక్కి దిగిన దారి అది! కొండ దారిలో స్పీడు గంటకు 55, 60 మైళ్లు దాటనివ్వదు, అదే కాపాడింది.

యూటాలోని మోయాబ్‌లో పొటాష్ రోడ్డు మీంచి షేఫర్ మలుపుల దాకా లో-రేంజ్‌లో (స్పీడు తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే గేరులో) ఎక్కాం. అక్కడ ఓబీడీ 9.4 చూపించింది. గంటకు పది మైళ్ల వేగంతో, టైర్లలో గాలి తగ్గించి, రాళ్ల మీద పాకుతుంటే అంతే వస్తుంది. ఆ అంకె గురించి నాకు బాధ లేదు. ఆ దారి కోసమే ఈ బండి కొన్నాను.

నవంబరు: కాన్సస్ గాలి

కాన్సస్ సిటీలో స్నేహితుల ఇంటికి థాంక్స్‌గివింగ్‌కి వెళ్లాం. పోను 600, రాను 600 మైళ్లు. రెండు వైపులా గంటకు 68 మైళ్లలోనే నడిపాను. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, 18.1 వచ్చింది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, 12.9. లిమన్ దగ్గర స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకున్నా బండి పక్కకు జరుగుతోంది. తొమ్మిదడుగులు దాటిన ఎత్తు, తలుపు రేకులా నిలువుగా ఉన్న గోడలు. గాలికి అంతకన్నా మంచి తెరచాప దొరకదు.

డెన్వర్ ఎత్తు ఎక్కువ కదా, తిరుగు ప్రయాణమంతా ఎక్కుడే కదా అని స్నేహితుడు అన్నాడు. లెక్క వేశాను. ఈ బరువును 4,300 అడుగులు పైకి లేపడానికి అయ్యే డీజిలు ఒక గ్యాలన్ దాకా. వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు తాగింది 13 గ్యాలన్లు ఎక్కువ. ఎత్తు తేడాను రెండు వైపులా లెక్కేసినా రెండు గ్యాలన్లు. మిగతాదంతా గాలే. ఆ రాత్రి నాన్న పుస్తకంలో ఆరో గడి గీసి పైన "గాలి" అని రాశారు.

ఇక్కడే ఇంకో తప్పు దొరికింది. 18.1, 12.9 కూడి రెండుతో భాగిస్తే 15.5 వస్తుంది. అది తప్పు. మొత్తం మైళ్లను మొత్తం గ్యాలన్లతో భాగించాలి. 1,200 మైళ్లకు 79.7 గ్యాలన్లు, అంటే 15.1. తక్కువ మైలేజ్ వచ్చిన వైపు ఎక్కువ డీజిలు ఖర్చవుతుంది కాబట్టి దాని పాలు ఎక్కువ. దూరాలు సమానమైనప్పుడు మైలేజ్ అంకెల సగటు తీస్తే ఎప్పుడూ బండి ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. ఎవరైనా "నాకు సగటున ఇంత" అంటే ముందు అడగాల్సింది సగటు ఎలా తీశావని.

డిసెంబరు: హీటరు, టైర్లు

లెడ్‌విల్ దగ్గర మూడు రాత్రులు ఉన్నాం. 10,000 అడుగుల పైన, బయట మైనస్ 12. తిరిగొచ్చి నింపితే 255 మైళ్లకు 17 గ్యాలన్లు, సరిగ్గా 15. ఎందుకింత తగ్గిందో రెండు రోజులు అర్థం కాలేదు. అప్పుడు అమ్మ అంది: "రాత్రంతా ఆ హీటరు టిక్కుటిక్కుమంటానే ఉందిగా, అది దేంతో నడుస్తది?" డీజిల్ హీటరు మెయిన్ ట్యాంకులోంచే తాగుతుంది. చిన్న పంపు ఒక్కో చుక్కా కొట్టే చప్పుడే ఆ టిక్కుటిక్కు. హీటరు మీటరులో 28 గంటలు ఉంది. గంటకు 0.2 లీటరు వేసుకుంటే 5.6 లీటర్లు, ఒకటిన్నర గ్యాలన్. అది తీసేస్తే 16.5. అప్పటి నుంచి పుస్తకంలో హీటరు గంటలు కూడా రాస్తున్నాం. ఇంజను ఆపకుండా ఐడిల్‌లో పెట్టి వెచ్చగా పడుకునేవాళ్లకు పోయేది ఇంతకన్నా చాలా ఎక్కువ, ఇంజనుకూ మంచిది కాదు.

అదే నెలలో పాత 245/75 ఆర్16 టైర్లు తీసి 265/75 ఆర్16 ఆల్ టెర్రైన్ (రాళ్లు, మట్టి దారులకూ పనికొచ్చేవి) వేయించాను. ముందు చక్రాల దగ్గర ప్లాస్టిక్ కాస్త కోయాల్సి వచ్చింది. మైలేజ్ 16.4 నుంచి 15.1కి పడిపోయినట్టు కనిపించింది. కానీ కొత్త టైరు వ్యాసం దాదాపు నాలుగు శాతం పెద్దది, ఒక చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. ఐ-76 మీద మైలు రాళ్లతో సరిచూశాం. నేను నడుపుతుంటే నాన్న కిటికీలోంచి పచ్చ పలకలు లెక్కపెట్టారు. నలభై పలకలకు మీటరు 38.5 చూపించింది. అంటే 1.039తో గుణించాలి. 15.1 నిజానికి 15.7. పోయింది 1.3 కాదు, 0.7. అందులోనూ కొంత చలి వాటా. మైనస్ పదిలో గాలి పాతిక డిగ్రీల గాలికన్నా 13 శాతం చిక్కగా ఉంటుంది, శీతకాలం డీజిలులో శక్తి కూడా కాస్త తక్కువ.

ఫిబ్రవరి, మార్చి: హడ్సన్ నుంచి స్టెర్లింగ్

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని ఇది. హడ్సన్‌లో నింపి, ఐ-76 మీద స్టెర్లింగ్ దాకా పోయి, అక్కడే తిరిగి, మళ్లీ హడ్సన్‌లో అదే పంపు. 190 మైళ్లు. పోను రాను కలిపితే ఎత్తుపల్లాలు, గాలి చాలావరకు చెల్లుకి చెల్లు. ఆదివారం తెల్లవారుజామున, గాలి లేదని చూసుకుని బయల్దేరాలి. స్పీడు మారకుండా క్రూయిజ్ కంట్రోల్ పెట్టి, ఆ స్పీడు జీపీఎస్‌లో చూసుకోవాలి.

60లో 9.9 గ్యాలన్లు, గ్యాలన్‌కు 19.2 మైళ్లు. 65లో 10.8, అంటే 17.6. 75లో 13.0, అంటే 14.6. లీటరు లెక్కలో 8.2, 7.5, 6.2. స్టీరింగ్ వెనక కూర్చున్నవాడి కుడికాలు ఒక్కటే లీటరుకు రెండు కిలోమీటర్లు మింగుతోంది. 65 బదులు 75లో పోతే 190 మైళ్లకు మిగిలేది 23 నిమిషాలు, తగలబడేది 2.2 గ్యాలన్లు.

65 పరీక్ష రోజున స్నేహితుడు తన స్ప్రింటర్ తెచ్చాడు. అదే ఇంజను, అదే ఎత్తు, వెనక చక్రాలకే డ్రైవ్. అతనికి 19.0, నాకు 17.6. ఫోర్ బై ఫోర్ ఖరీదు 1.4 అన్నమాట, అందులో నా టైర్ల వాటా కూడా ఉంది. ఫోర్ బై ఫోర్ బటన్ నొక్కకపోయినా ముందు ఇరుసు షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. నూరు కిలోలకు పైగా అదనపు బరువు, బండి మూడు నాలుగు అంగుళాలు లేచి కింద గాలికి దారి ఇస్తుంది. అది ఎప్పుడూ కట్టే కిరాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ కప్పు మీద ముందువైపు సామాను బుట్ట తీసేసి మళ్లీ 65లో పోతే 18.4 వచ్చింది. ఆ బుట్టలో ఆరు నెలలుగా ఉన్నవి రెండు మడత కుర్చీలు. ఇప్పుడవి మంచం కింద ఉన్నాయి. ఫోర్ బై ఫోర్ వల్ల మైలేజ్ పోతోందని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: ముందు కప్పు మీద ఏముందో చూడండి, తర్వాత స్పీడు చూడండి.

పొగ శుభ్రం చేసే డెఫ్ ద్రావణం ఏడు నెలల్లో రెండున్నర గ్యాలన్ల డబ్బాలు నాలుగు పట్టింది. ఈ మోడల్‌కు దాని మూత బానెట్ కింద ఉంటుంది, గరాటు తప్పనిసరి.

అమ్మానాన్న మార్చి రెండో వారంలో వెళ్లిపోయారు. వెళ్లేముందు నాన్న మొత్తం కూడికలు మళ్లీ ఒకసారి చేసి 6.8 కింద రెండు గీతలు గీశారు. "యాభై మందిని ఎక్కించుకుని మా బస్సు ఐదు పైన ఇచ్చేది. దీన్ని ఏడుకు తీసుకురా" అన్నారు.

ఈ ఆదివారం టైర్లలో గాలి తలుపు మీది స్టిక్కరులో ఉన్నంత సరిగ్గా పెట్టి, బుట్ట లేకుండా, 62లో. గాలి గంటకు నాలుగు మైళ్లు అంటున్నారు. హడ్సన్, మూడో నంబరు పంపు, ఉదయం అయిదున్నర. ఇండియాలో అప్పటికి సాయంత్రం అవుతుంది, నాన్న ఫోన్ దగ్గరే ఉంటానన్నారు.