ఫైల్ ఎక్కడుందమ్మా?

తెనాలిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను, పద్దెనిమిదేళ్లుగా. 2025 నీట్ అప్లికేషన్లప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. ఫోన్‌లో రీల్ కట్ చేసి, పాట అతికించి, దానిమీద తెలుగు అక్షరాలు కూడా ఎగరేసే పిల్ల.

"ఫోటో ఏదమ్మా?"

"గ్యాలరీలో ఉంది అంకుల్."

తన మెయిల్‌కి తననే పంపుకోమని, సిస్టమ్‌లో డౌన్‌లోడ్ చేయించాను. అప్లికేషన్‌లో బటన్ నొక్కగానే ఫోల్డర్ల వరస కనబడింది. బిక్కమొహం వేసింది. డౌన్‌లోడ్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుందని ఎవరూ చెప్పలేదట. తప్పు ఆ పిల్లది కాదు. ఫోన్ మనకి బొమ్మే చూపిస్తుంది, ఫైల్‌ని దాచేస్తుంది.

దొరికాక అప్‌లోడ్ కాలేదు. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడమన్నాను. 3 ఎంబీ పైనే. వాళ్లడిగింది కేబీల్లో. 1 ఎంబీ అంటే 1024 కేబీ అని స్కూల్లో బట్టీ పట్టిందట, ఆ ప్రశ్నకి మార్కు కూడా వచ్చిందట! పెయింట్ తెరిపించాను. కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. 30 శాతం కొట్టించి, సేవ్ యాజ్‌లో కొత్త పేరు పెట్టించాను. పాత పేరుతోనే సేవ్ చేస్తే పెద్ద ఫోటో పోతుంది. ఈ పనికి నేను ముప్పై రూపాయలు తీసుకుంటాను. ఆ అమ్మాయి దగ్గర తీసుకోలేదు, తనే చేసుకుంది కదా.

పక్క సిస్టమ్‌లో ఒక కుర్రాడు అరగంట నుంచి తిట్టుకుంటున్నాడు. కుల ధ్రువపత్రం పీడీఎఫ్‌లో కావాలి. వీడు ఫోటో తీసి, పేరు చివర జేపీజీ చెరిపేసి పీడీఎఫ్ అని రాశాడు. సీసా మీద కాగితం మారిస్తే కిరసనాయిలు నెయ్యి అవుతుందా? ఫోటో తెరిచి, ప్రింట్‌లోకి వెళ్లి, ప్రింటర్ పేరు బదులు 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుంటే చాలు. కాగితం ఖర్చు కూడా లేదు.

వాణ్ణి అనే ముందు నా సంగతి చెప్పాలి. షాపు పెట్టిన కొత్తలో ఒక పిల్లాడి తెలుగు వ్యాసం అను ఫాంట్‌లో కొట్టి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. వాళ్ల స్కూల్ కంప్యూటర్‌లో అంతా పిచ్చి గీతలు. ఆ ఫాంట్ లేని చోట తెలుగు ఉండదని, అన్ని కంప్యూటర్లకీ ఒకే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్‌లో కొడితే ఎక్కడైనా చదవొచ్చని నాకూ అప్పుడే తెలిసింది.

ఇంతా చేసి ఆ ఏడు నీట్ పరీక్ష రాయాల్సింది కాగితం మీద, ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్ది.

ఆ అమ్మాయిది అన్నీ అయ్యాయి. చివర్లో ఓటీపీ వాళ్ల నాన్న ఫోన్‌కి పోయింది. ఆయన గుంటూరు బస్సులో ఉన్నాడు. "మెసేజ్ చూడు నాన్నా, మెసేజ్!" అని షాపంతా వినబడేలా అరిచింది. ఆయన నాలుగు అంకెలు చెప్పాడు. ఇంకో రెండు చెప్పేలోపు లైన్ కట్.