ఉంబర్, నీలం

శనివారం. బట్టలు ఉతకడం, వారానికి కూరలు తెచ్చుకోవడం పొద్దున్నే అయిపోయాయి. మధ్యాహ్నం సియోల్‌లో అంగుక్ స్టేషన్‌లో దిగి మోడరన్ ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళాం. మా ఆయన ఒక్క గది చూసి, "పెన్సిల్ గీతలేగా! నువ్వు చూస్తూ ఉండు, నేను కాఫీ తాగొస్తా" అని వెళ్ళిపోయారు. నయమే, తీరిగ్గా నిలబడొచ్చు.

ఆ గీతలు కొరియా చిత్రకారుడు పార్క్ సియో-బోవి. తెల్ల ఆయిల్ పెయింట్ పూసి, తడి ఆరకముందే పెన్సిల్‌తో గీసుకుంటూ పోతారు. మళ్ళీ తెలుపు, మళ్ళీ గీతలు. 1960ల చివర్లో, గళ్ళ నోటుబుక్కులో అక్షరాలు గడిలో పట్టక విసుగెత్తిన చిన్న కొడుకు పేజీ నిండా గీకేయడం చూసి ఈ పద్ధతి తట్టిందట. 'ఎక్రిట్యూర్' (ఫ్రెంచిలో 'రాత') అన్న పేరుతోనే అర్ధ శతాబ్దం గీశారు, 2023లో పోయారు. నాకు మా నాయనమ్మ రామకోటి పుస్తకాలు గుర్తొచ్చాయి. చెయ్యి కదులుతూనే ఉంటుంది, ఆవిడ ముఖంలో మాత్రం ఏ హడావుడీ ఉండేది కాదు.

ఇలా ఒకే రంగులో వేసే బొమ్మల్ని కొరియాలో దాన్‌సేక్‌హ్వా అంటారు. వీటి గురించి ఎవరు రాసినా ధ్యానం, ప్రశాంతత అనే రాస్తారు. పార్క్ విషయంలో సరే. యున్ హ్యోంగ్-గున్ అనే ఇంకో చిత్రకారుడి బొమ్మ ముందు మాత్రం ఆ మాట నాకు మింగుడు పడలేదు. బర్న్ట్ ఉంబర్ అనే ముదురు గోధుమ, అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, రెండే రంగులు; కలిస్తే దాదాపు నలుపే. టర్పెంటైన్‌తో పల్చన చేసి, కోటింగ్ లేని గుడ్డ మీద పొర మీద పొర వేసేవారు, చాలాసార్లు కింది పొర ఆరకముందే. నీలం ఆకాశం, ఉంబర్ నేల, మధ్యలో ద్వారం అని ఆయనే చెప్పుకున్నారు. 1973లో, తను పాఠాలు చెప్పే స్కూల్లో ఒక అక్రమ అడ్మిషన్ గురించి అడిగినందుకు జైల్లో పెట్టారు. అప్పటిదాకా ఆయన బొమ్మల్లో బోలెడు రంగులుండేవి, ఆ తర్వాత ఈ నలుపే. 1980లో గ్వాంగ్జు నగరంలో సైన్యం జనాన్ని కాల్చాక వేసిన వాటిలో నిలువు దిమ్మెలు పక్కకి ఒరిగి ఉంటాయి. అది ప్రశాంతతా? నాకైతే పళ్ళ బిగువున ఆపుకున్న కోపంలా ఉంది.

తమాషా ఏంటంటే ఈ మ్యూజియం స్థలంలోనే ఒకప్పుడు సైనిక నిఘా విభాగం ఆఫీసు ఉండేది. 2018లో యున్ బొమ్మల పెద్ద ప్రదర్శన కూడా ఇక్కడే పెట్టారు.

కింద షాపులో ఆయన బొమ్మ పోస్టుకార్డు చూశా. నూనె గుడ్డలోకి ఇంకి, అంచు చుట్టూ పసుప్పచ్చగా పాకిన మరక ఉంటుందే, అది అచ్చులో కనబడనే లేదు. ఉత్త నల్ల దిమ్మెలు. కొనలేదు.