గ్యాస్ కొట్టించాక స్టార్ట్ కాని కారు: పి0496 కోడ్‌తో నా అనుభవం

ట్యాంకు నిండా గ్యాస్ (పెట్రోలు) కొట్టించిన వెంటనే స్టార్ట్ చేస్తే ఇంజను అందుకోదు, అందుకున్నా వణికి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కిపట్టి తాళం తిప్పితే పట్టుకుంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. మిగతా వేళల్లో ఏ ఇబ్బందీ ఉండదు. చివరికి చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0496. పెట్రోలు ఆవిరిని ఇంజనులోకి వదిలే పర్జ్ వాల్వ్‌ను తెరవమని కంప్యూటర్ చెప్పకపోయినా దాని గుండా ఆవిరి పోతోందని అర్థం. టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఏటా ఎమిషన్ టెస్ట్ పాసయితేనే రిజిస్ట్రేషన్ రెన్యూ అవుతుంది కాబట్టి చూసీ చూడనట్టు వదిలేసే వీల్లేదు.

ట్యాంకులోని ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు గుళికలున్న క్యానిస్టర్ (డబ్బా) పీల్చుకుంటుంది. ఈ ఏర్పాటునే ఎవాప్ అంటారు. ఇంజను నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరిని ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనుకు గాలి అందించే గొట్టాలు) లాగేసుకుంటుంది. రెండో పక్క వెంట్ వాల్వ్ లోంచి తాజా గాలి క్యానిస్టర్‌లోకి వస్తుంది. ఇలాంటి మామూలు అమరికలో కరెంటు లేనప్పుడు పర్జ్ మూసి ఉండాలి, వెంట్ తెరిచి ఉండాలి. టెస్టులన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి. పర్జ్ తెరుచుకుని ఉండిపోతే, కొత్తగా పడిన గ్యాస్ పైకి తోసిన ఆవిరి నేరుగా మానిఫోల్డ్‌లోకి చేరి మిశ్రమం మరీ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోలు ఎక్కువవుతుంది. స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే.

ఎవరిని అడిగినా ముందు గ్యాస్ క్యాప్ మార్చమంటారు. పి0455, పి0457 లాంటి లీకు కోడ్‌లకు అది సరైన సలహా. పి0496కి క్యాప్‌తో పని లేదు.

కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో కంప్యూటర్ దాచిన రీడింగులు) ఫొటో తీసి పెట్టుకోవాలి. తర్వాత చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉండగా పర్జ్ వాల్వ్ నుంచి క్యానిస్టర్‌కు వెళ్లే హోస్ ఊడదీసి వాల్వ్ నోటికి వేలు అడ్డం పెట్టాను. గట్టిగా లాగుతోంది. ఇక్కడ తొందరపడి వాల్వ్ కొనకూడదు, దాని కరెంటు కనెక్టర్ కూడా పీకి చూడాలి. పీకగానే లాగడం ఆగితే తప్పు వైరింగ్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంది. పీకినా లాగుతుంటే వాల్వే బిగుసుకుపోయింది. నా కారులో ఆగలేదు. మల్టీమీటర్ పెడితే వాల్వ్ లోపలి కాయిల్ రెసిస్టెన్స్ 20 ఓమ్‌ల దరిదాపుల్లో మామూలుగానే ఉంది. కాయిల్ బాగున్నంత మాత్రాన వాల్వ్ బాగున్నట్టు కాదు.

అసలు సంగతి వాల్వ్ విప్పాక బయటపడింది. తెల్ల కాగితం మీద తట్టితే నల్లటి గుళికలు రాలాయి. క్యానిస్టర్ లోపలి జల్లెడ చిరిగి, బొగ్గు లైను వెంట ముందుకొచ్చి వాల్వ్ సీటులో ఇరుక్కుందన్నమాట. ఈ కాగితం టెస్టుకు పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది చేయరు. కొత్త వాల్వ్ బిగిస్తారు, కొన్నాళ్లకు అదీ అలాగే పోతుంది. పంపు క్లిక్‌మని ఆగాక కూడా ఇంకాస్త ఇంకాస్త అంటూ కొట్టించే అలవాటు క్యానిస్టర్‌కు చేటు. ఆవిరి పట్టాల్సిన బొగ్గులోకి ద్రవ గ్యాసే చేరి నానబెడుతుంది.

కాబట్టి వాల్వ్, క్యానిస్టర్ రెండూ మార్చాలి, మధ్య లైను శుభ్రం చేయాలి. లైను రెండు చివరలూ విడదీసి, ఆరుబయట, తక్కువ ప్రెషర్ గాలితో ఊదాలి. ట్యాంకు తగిలించి ఉండగా ఊదితే ప్రెషర్ సెన్సర్ పోతుంది. క్యానిస్టర్ చాలా కార్లలో వెనక, ట్యాంకు దగ్గర ఉంటుంది. జాక్ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్‌లు పెట్టి దూరాలి. పాత ప్లాస్టిక్ క్లిప్‌లు పెళుసుగా ఉంటాయి, మెలితిప్పి లాగితే విరుగుతాయి. పనిలో పనిగా వెంట్ వాల్వ్‌కు 12 వోల్టులు ఇచ్చి చూడాలి: క్లిక్‌మని మూసుకుని, కరెంటు తీయగానే గాలి ధారాళంగా పోవాలి. గ్యాస్ కొట్టేటప్పుడు పంపు మాటిమాటికీ ఆగిపోతుంటే అనుమానించాల్సినవాటిలో మొదటిది ఇదే. కొత్త క్యానిస్టర్‌కు తగిలించేటప్పుడు పాత ఓ-రింగ్ వాడొద్దు.

బిగించాక స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి లీకు ఎక్కడుందో చూడటం) తప్పనిసరి. విప్పిన ప్రతి జాయింటూ కొత్త లీకుకు అవకాశమే, 0.5 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, చిన్న లీకు కోడ్ పి0456 వస్తుంది. వెంట్ వాల్వ్ మూసి, పొగను అర పీఎస్ఐ దగ్గర పంపాలి, 1 పీఎస్ఐ దాటనీయకూడదు. గాలి బదులు నైట్రోజన్ వాడటం క్షేమం, గ్యాస్ ఆవిరికి గాలి తోడైతే చిన్న నిప్పురవ్వ చాలు. ఇంట్లో డబ్బాతో చేసుకునే స్మోక్ మెషిన్ దీనికి మాత్రం వద్దు. ఇంజను దగ్గర ఆకుపచ్చ మూత ఉన్న సర్వీస్ పోర్ట్ ఉంటే దాని లోపలి వాల్వ్ మర ఎడమవైపుది, టైరు వాల్వ్‌లా తిప్పితే పాడవుతుంది.

కోడ్ చెరిపాక మానిటర్లన్నీ (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) 'నాట్ రెడీ' అవుతాయి. టెక్సస్‌లో 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ రెడీ కాకపోయినా ఒప్పుకుంటారు, అది ఎవాప్ అయినా సరే. అయినా అది పూర్తయ్యేదాకా ఆగితేనే రిపేరు నిలిచిందో లేదో తేలుతుంది. చాలా కార్లలో ఈ ఎవాప్ టెస్ట్ మొదలవ్వాలంటే కారు రాత్రంతా ఆగి చల్లారాలి, ట్యాంకు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి, బయట వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఇక్కడి వేసవిలో ఆఖరి షరతు దొరికేది తెల్లవారుజామునే. కొన్ని కార్లు కారు ఆపిన 5 గంటలకు వాటంతటవే పరీక్షించుకుంటాయి, వాటిని డ్రైవింగ్‌తో తొందరపెట్టలేం. స్కానర్‌లో ఎవాప్ 'రెడీ' అని కనబడ్డాక పెండింగ్ కోడ్‌ల (ఇంకా లైటు వెలిగించని కోడ్‌లు) పేజీ కూడా ఖాళీగా ఉందో లేదో చూసుకుని అప్పుడు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాలి.