జేన్ వాళ్ళ అమ్మమ్మ, మా ఇంటి నానమ్మ

మేం ఉండే అమెరికాలో వచ్చిన 'జేన్ ది వర్జిన్' అనే టీవీ షోలో జేన్ వాళ్ళ అమ్మమ్మ సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తుంటే మా అమ్మాయికి ముద్దొస్తుంది. సొంత నానమ్మ అదే పని చేస్తే గది తలుపు వేసుకుంటుంది. మొన్న శనివారం పొద్దున మా అత్తగారు టీవీ పెట్టుకున్నారు. "వెళ్ళి కాసేపు నానమ్మ పక్కన కూర్చోవే" అన్నాను. "నేను రాను అమ్మా. నానమ్మ ఆ సీరియల్‌లో వాళ్ళని నిజం మనుషులనుకుంటుంది. ఇట్స్ ఎంబరాసింగ్" అంది. హాల్లోకి వినపడేంత గట్టిగానే అంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కానీ గొంతు అర్థమవుతుంది. రిమోట్ తీసుకుని వాల్యూమ్ తగ్గించారు.

పదిహేనేళ్ళ పిల్ల ఒక మాట విసరడం పెద్ద విషయం కాదు, ఆ వయసు పిల్లలున్న ఇళ్ళల్లో అందరూ వినేదే. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. అంతకుముందు రాత్రే 'జేన్ ది వర్జిన్' మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని, "అమ్మా, ఆల్బా ఎంత స్వీటో చూడు" అని నన్ను పిలిచి మరీ చూపించింది.

2014 నుంచి 2019 దాకా వచ్చిన షో అది. మయామీలో ముగ్గురు ఆడవాళ్ళ ఇల్లు. వెనెజువేలా నుంచి వచ్చిన అమ్మమ్మ ఆల్బా, ఆవిడ కూతురు, మనవరాలు జేన్. ముగ్గురూ ఒకే సోఫాలో ఒకరి మీద ఒకరు వాలి టెలినోవెలాలు, అంటే స్పానిష్ సీరియళ్ళు, చూస్తారు. ఆల్బా ఎక్కువగా స్పానిష్‌లోనే మాట్లాడుతుంది, జేన్ ఇంగ్లీషులో జవాబిస్తుంది, దాని గురించి ఎవరూ ఎవరినీ సాధించరు. జేన్ పుట్టినప్పటి నుంచీ చూడని తండ్రి చివరికి వాళ్ళు రోజూ చూసే సీరియల్ హీరోయే అని తేలుతుంది. ఆ షోయే వెనెజువేలా టెలినోవెలా ఒకటి ఆధారంగా తీసింది కాబట్టి, సీరియల్ చూసేవాళ్ళని కించపరిచే ఉద్దేశం దానికి లేదు. వాళ్ళ కన్నీళ్ళనీ నవ్వులనీ గౌరవంగా చూపిస్తుంది.

అందరూ అలా చూపించరు. ఇక్కడి తెరమీద సీరియల్‌కి అలవాటు పడ్డ మనిషి అంటే ఎక్కువగా కథకీ నిజానికీ తేడా తెలియని మనిషే. 'ఫ్రెండ్స్' అనే కామెడీ షోలో జోయీ అనే నటుడు ఒక సీరియల్‌లో డాక్టర్ డ్రేక్ రమోరే వేషం వేస్తాడు. ఒక అభిమాని వచ్చి అతను నిజంగా డాక్టరే అనుకుంటుంది. 1996లో వచ్చిన ఎపిసోడ్, నటి బ్రూక్ షీల్డ్స్ వేసింది ఆ అభిమాని పాత్ర. మా అమ్మాయి దాన్ని చూసి పడీపడీ నవ్వుతుంది. "నిజం మనుషులనుకుంటుంది" అన్న మాట దానికి అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. 2000లో వచ్చిన 'నర్స్ బెటీ' సినిమాలో కాన్సాస్‌లో వెయిట్రెస్‌గా పనిచేసే బెటీ కూడా అంతే, సీరియల్‌లోని డాక్టర్ని వెతుక్కుంటూ లాస్ ఏంజెలెస్ బయల్దేరుతుంది. కానీ ఆ సినిమా చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. కళ్ళముందే మొగుడి హత్య చూసి తట్టుకోలేక ఆవిడ ఆ కథలోకి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎన్నడూ దొరకని ఆదరణ ఆ డాక్టరు ముఖంలో కనిపించింది ఆవిడకి. సీరియల్ పిచ్చి అని తీసిపారేసే ముందు, ఆ మనిషికి మిగతా రోజంతా ఎలా గడుస్తోందో చూడాలి కదా.

మా అత్తగారి రోజు నాకు తెలుసు. ఇండియాలో రాత్రి ఏడున్నరకి వచ్చే సీరియల్ ఈ ఈస్ట్ కోస్ట్‌లో వేసవిలో పొద్దున పదింటికి, చలికాలంలో తొమ్మిదింటికి వస్తుంది. అక్కడ పనులన్నీ అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథ ఇక్కడికొచ్చేసరికి పగటి సీరియల్ అయిపోయింది. మేం ఆఫీసుల్లో, పిల్ల స్కూల్లో. ఆవిడకి కారు రాదు, ఎదురింటివాళ్ళతో చేయి ఊపడం తప్ప మాట లేదు. ఆ పూట ఆవిడ చెవిన పూర్తి తెలుగు వాక్యం పడేది ఆ టీవీలోంచే. అందుకే విలన్ మీద గట్టిగా అరుస్తారు, "దీని నోరు పడిపోను" అంటారు, హీరోయిన్ ఏడిస్తే చెంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. యాడ్స్ వచ్చినప్పుడు మాత్రం నాతో "ఆ అమ్మాయి నటన బావుంది సుమీ" అంటారు. నిజం మనుషులు కారని ఆవిడకి మనకన్నా బాగా తెలుసు.

మా అమ్మాయి చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. 'కార్తీక దీపం' మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో నానమ్మ ఒళ్ళో కూర్చుని శౌర్య, హిమల కోసం ఎదురుచూసేది. వంటలక్క దీప ఏడిస్తే ఇదీ ఏడ్చేది. ఆ రోజుల్లో దాని తెలుగు కూడా ముచ్చటగా ఉండేది. తర్వాత ఒకరోజు స్నానం చేయిస్తుంటే చేయి చాపి, "అమ్మా, దీప నల్లగా ఉందని అందరూ తిడుతున్నారు. నాది కూడా ఆ రంగేగా?" అంది. నాకు గుండె ఆగినట్టయింది. తెల్లగా ఉన్న నటికి మేకప్‌తో రంగు తగ్గించి మరీ ఆ కథ నడుపుతున్నారని దానికి ఎలా చెప్పను? ఆ వారమే పిల్ల ముందు సీరియళ్ళు పెట్టొద్దని అత్తగారికి చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు అదే పిల్లని వెళ్ళి పక్కన కూర్చోమని నేనే సతాయిస్తున్నాను. నిలకడ లేని తల్లి అనుకున్నా సరే, రెండుసార్లూ నాకున్న భయం నిజమైనదే. అప్పుడు దాని మనసు పాడవుతుందని, ఇప్పుడు నానమ్మకి దూరమవుతుందని.

సీరియల్ పిచ్చి మన దేశపు వెనకబాటుతనం అన్నట్టు మా అమ్మాయి మాట్లాడుతుంటే ఊరుకోలేక దానికి ఇక్కడి చరిత్ర చెప్పాను. పగటిపూట ఇంట్లో ఉండే ఆడవాళ్ళ కోసం 1930లలో సబ్బుల కంపెనీల డబ్బుతో రేడియోలో నడిచిన కథలే వీటికి మూలం. 'గైడింగ్ లైట్' 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009 దాకా సాగింది. 'జనరల్ హాస్పిటల్' 1963 నుంచి ఇప్పటికీ వస్తూనే ఉంది. 1981 నవంబరులో అందులో లూక్, లారాల పెళ్ళిని పనిరోజు మధ్యాహ్నం దాదాపు 3 కోట్లమంది చూశారు. "మరి వాళ్ళందరూ ఏమిటి?" అన్నాను. అది ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళి కాసేపటికి తిరిగొచ్చింది. "అమ్మా, పెళ్ళికి రెండేళ్ళ ముందు ఆ కథలోనే అతను ఆమెని రేప్ చేశాడు. తెలుసా నీకు? నువ్వు చెప్పేది ఏంటి, ఇక్కడివాళ్ళు కూడా ఇలాంటివే చూశారు కాబట్టి పర్లేదనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అది చెప్పింది నిజం.

కానీ ఒక్కటి దానికి గుర్తుచేశాను. దానికి అంత ఇష్టమైన ఆల్బా మొదటి ఎపిసోడ్‌లోనే చిన్నారి జేన్ చేతికి తెల్లటి పువ్విచ్చి నలపమంటుంది. ఇప్పుడు దీన్ని మళ్ళీ కొత్తదిగా చెయ్యి చూద్దాం అంటుంది. చేయలేవు, శీలం కూడా అంతే అని బోధ. మన సీరియల్‌లో ఏ బామ్మ నోట విన్నా మా అమ్మాయి భగ్గుమనే మాట అది. ఆల్బాని మాత్రం క్షమించేసింది. "అక్కడ జేన్ తర్వాత ఆర్గ్యూ చేస్తుంది కదా" అంది. అవును, చేస్తుంది. వాదిస్తుంది, అలుగుతుంది, మళ్ళీ వచ్చి అదే సోఫాలో కూర్చుంటుంది. కూర్చుంటేనే కదా వాదించేది.

ఇలాంటి ఇళ్ళున్న స్నేహితులకి నేను చెప్పేది కూడా ఇదే. పిల్లల్ని సీరియల్ మెచ్చుకోమనకండి, అమ్మమ్మల పక్కన కూర్చుని పోట్లాడనివ్వండి. వచ్చీరాని తెలుగులో అయినా సరే. ఇది చెప్పడానికి బాగానే ఉంటుంది. జరిగినప్పుడు మాత్రం నేను అనుకున్నట్టు జరగలేదు.

తర్వాతి శనివారం అది ఏదో తీసుకోవడానికి హాల్లోకొచ్చింది. తెర మీద మామూలు సీనే. తలుపు చాటున ఎవరో సగం మాట విన్నారు, కోడలి మీద నింద పడింది, కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదికి వెళ్ళి వస్తోంది. కోడలు తలవంచుకుని నిలబడింది. మా అమ్మాయి నిలబడే చూసి, "నానమ్మా, తను చెయ్యలేదని చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పదు?" అంది. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "చెప్తే ఎవరు నమ్ముతారే?" అన్నారు.

"ట్రై చెయ్యాలి కదా."

"నీకు తెలియదులే" అన్నారు ఆవిడ. ఆ గొంతు సీరియల్ గురించి మాట్లాడే గొంతు కాదు. నేను వంటింట్లోంచి వింటూ ఉండిపోయాను. మా అమ్మాయి సోఫా చివర కూర్చుని, "చెప్తేనే కదా తెలిసేది" అంది. ఆ వాదన ఎపిసోడ్ అయిపోయాక కూడా సాగింది. నానమ్మ గొంతు పెంచారు, ఇదీ పెంచింది. మధ్యలో వెళ్ళి ఆపుదామనుకున్నాను, కాళ్ళు కదల్లేదు.

ఆవిడ ఏ మాట చెప్పలేక మింగారో నాకు తెలియదు. కోడలిగా నేను ఆవిడకి చెప్పకుండా మింగినవి నాకున్నాయి. అవన్నీ అప్పుడే అనేసి ఉంటే ఈ రోజు ఆవిడ ఆర్నెల్లు మా ఇంట్లో ఉండేవారా, నేను పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకునేదాన్నా? నమ్మకంగా చెప్పలేను. నా కూతురికి మాత్రం ఏదీ మనసులో పెట్టుకోవద్దు, చెప్పెయ్యి అని ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పుతున్నాను. స్కూల్లో టీచర్‌తోనైనా సరే, స్నేహితులతోనైనా సరే. నానమ్మ దగ్గర మాత్రం చూసి మాట్లాడమంటున్నాను. ఈ రెండూ ఒకే పిల్లకి, ఒకే ఇంట్లో ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.