పోలి పాడ్యమి, పోలీ అత్త

శుక్రవారం, 21 నవంబరు 2025

నాలుగు కొట్టకుండానే అత్త లేపేసింది. "లేవే, తెల్లారాక వదిలేది ఏం దీపం" అంటూ దుప్పటి లాగేసింది. ఇవాళ పోలి పాడ్యమి. నేను కార్తీక ఉపవాసాలు ఉండను గానీ ఈ ఒక్క పొద్దు మాత్రం అత్తతో కాలువ రేవుకి వెళ్ళడం మానను.

మొన్నటి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది కదా, మా పెరట్లో అరటిచెట్లన్నీ పడిపోయి రెండే మిగిలాయి. అందులో ఒకదాని బోదె నిన్న సాయంత్రమే కోసి డొప్పలు తీసి పెట్టింది అత్త. ముప్పై వత్తులూ నేతిలో నానుతున్నాయి. మేం వెళ్ళేసరికి రేవులో చోటు లేదు. మెట్ల మీద నిలబడితే వణుకు, నీళ్ళలోకి దిగితే వెచ్చన. అత్త దీపం వెలిగించి డొప్పని నీళ్ళ మీద పెట్టి, చేత్తో మూడుసార్లు నీళ్ళు తోసింది. అది నాలుగు గజాలు పోయి గుర్రపు డెక్కలో చిక్కుకుంది. పక్కావిడ కర్రతో మెల్లగా నెడితే మళ్ళీ సాగింది. ఒక్కొక్కటే వెళ్ళి, వంతెన కిందకి చేరేసరికి దీపాలన్నీ ఒకే వరసలోకి వచ్చాయి.

గట్టు మీద ఒక పెద్దావిడ కథ చెబుతోంది. పోలి చిన్న కోడలు. అత్తగారు మిగతా కోడళ్ళని తీసుకుని నదికి పోయి, పోలిని ఇంట్లో పనికి వదిలేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్న రాసి, ఎవరికీ కనబడకుండా దీపం పెట్టుకుంటుంది. స్వర్గం నుంచి విమానం పోలి కోసమే వస్తుంది. ఎన్నిసార్లు విన్నా ఆ కవ్వానికి అంటిన వెన్న దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

మా దీపం కనుమరుగయ్యాక అత్త సంచిలోంచి ఇంకో డొప్ప తీసింది. చిన్నది, ఒకటే వత్తి.

"ఇది మన పోలికి" అంది.

మన పోలి అంటే పీకీ బ్లైండర్స్‌లో పోలీ గ్రే. బర్మింగ్‌హామ్‌లోని షెల్బీల కుటుంబం, వాళ్ళ ముఠా కథ చెప్పే ఇంగ్లీషు సీరీస్ అది. పక్కావిడ "ఎవరమ్మా, మీ బంధువులా?" అని అడిగితే అత్త "మేనత్త" అంది. ఎవరికి మేనత్తో చెప్పలేదు.

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదులో గది ఖాళీ చేసి అత్త వాళ్ళింటికి వచ్చేశాను. పగలు లాప్‌టాప్‌లో ఆఫీసు పని, రాత్రి అదే లాప్‌టాప్‌లో సీరీస్. అత్తకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతూ ఓరకంట చూసేది. మొదటి ఎపిసోడ్ మొదటి సీన్‌లో ముఠా నాయకుడు టామీ షెల్బీ నల్ల గుర్రమెక్కి ఆ మురికి వీధిలోకి వస్తాడు. ఒక చైనా అమ్మాయి అరచేతిలో ఎర్రటి పొడి పట్టుకుని గుర్రం ముఖం మీదకి ఊదుతుంది. పందెంలో గెలవడానికి మంత్రం వేశారని ఊరంతా అనుకోవాలని టామీ వేసిన ఎత్తు అది. అత్త చేతిలో చేట ఆగిపోయింది. "కుంకుమ జల్లుతున్నారేంటే? జాతరా?" అని దగ్గరికి జరిగింది. ఆ రోజు నుంచి నేను ప్రతి మాటా తెలుగులో చెప్పాల్సిందే. ఆపి చెప్పి, మళ్ళీ నడిపి, గంట ఎపిసోడ్ రెండు గంటలు పట్టేది.

ఆ కథ అత్తకి ఎక్కడా కొత్తగా అనిపించలేదు. బర్మింగ్‌హామ్‌లో కాలువలు, మనకీ కాలువలు. అక్కడ పడవల్లో బొగ్గూ సరుకూ, ఇక్కడ ఒకప్పుడు పడవల్లో ధాన్యం, కొబ్బరి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన కాలువల మీదే కదా అత్త వాళ్ళ తాత పడవ నడిపింది. షెల్బీల సరుకు దిగే కాలువ గట్టు యార్డు కనిపించినప్పుడల్లా "అచ్చం మన లాకుల దగ్గరలా ఉంది" అనేది. దాన్ని తీసింది డడ్లీలో ఒక మ్యూజియంలో అని చెప్పినా వినలేదు. పందేల సంగతి సరేసరి. గుర్రాల మీద వాళ్ళు పెట్టే పందేలు వివరించబోతే "నాకు చెప్పకు, భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి మూడు రోజులూ జరిగేది అదేగా, పై పందేలతో సహా" అంది. టోపీ అంచులో బ్లేడు పెట్టుకుంటారని చెబితే మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనవాళ్ళు కోడి కాలికి కడతారు, వీళ్ళు నెత్తిన కట్టుకున్నారు" అంది. ఆ బ్లేళ్ళ మాట నిజం కాకపోవచ్చని, ఆ రోజుల్లో బ్లేడు అంటే ఖరీదైన వస్తువని చరిత్రకారుడు కార్ల్ చిన్ అంటాడు. అత్త పోలిక ముందు నాకు ఆ సంగతి చెప్పాలనిపించలేదు.

అత్త అసలు పట్టుకుంది మాత్రం పోలీనే. టామీ వాళ్ళ నాన్నకి సొంత చెల్లెలు, అంటే పిల్లలకి మేనత్త. కథ 1919లో మొదలవుతుంది. అంతకుముందు మగాళ్ళంతా యుద్ధంలో ఉన్నప్పుడు వ్యాపారం నడిపింది ఆవిడే. మా మామయ్య పదకొండేళ్ళు మస్కట్‌లో ఉన్నాడు. ఆ పదకొండేళ్ళూ కిరాణా కొట్టు, రెండెకరాల చేను, ఇద్దరు పిల్లల చదువు అత్త చేతుల మీదే నడిచాయి. మామయ్య తిరిగొచ్చాక కొట్టులో గల్లా దగ్గర ఎవరు కూర్చున్నారో నాకు బాగా గుర్తు. ఇంట్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. వ్యాపారం పోలీ చేతిలోంచి టామీ చేతిలోకి వెళ్ళిన మాట వచ్చినప్పుడు మాత్రం అత్త ఏరడం ఆపి చూసింది. చిన్నప్పుడే అధికారులు ఎత్తుకుపోయిన కొడుకు పెద్దవాడై రెండో సీజన్‌లో తిరిగొస్తే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

ఐదు సీజన్లూ ఆ ఏడాదే అయిపోయాయి. ఐదోది ఆగిన చోటు తెలిసిందే. పొగమంచులో టామీ, కణతకి తుపాకీ. ఆరోదానికి షూటింగ్ మొదలవ్వాల్సిన మార్చి 2020లోనే కరోనా వచ్చి అంతా నిలిచిపోయింది. మేం ఎదురుచూస్తూ కూర్చున్నాం. 2021 ఏప్రిల్ 16న, పోలీగా వేసిన హెలెన్ మెక్రోరీ చనిపోయారని ఫోన్‌లో చూశాను. 52 ఏళ్ళు, క్యాన్సర్. సెకండ్ వేవ్ నడుస్తోంది. మా వీధిలోనే వారంలో మూడు చావులు. ఏ ఫోన్ మోగినా అత్త ముందు "ఎవరు?" అనేది. ఆ వార్త చెప్పలేకపోయాను. ఇవాళ రేపు అంటూ ఏడాది దాటించేశాను. మధ్యమధ్య అత్త "పోలి ఎప్పుడొస్తుందే?" అని అడిగినప్పుడల్లా "వస్తుంది అత్తా" అనేదాన్ని.

2022 జూన్ 10న ఆరో సీజన్ మన నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే పోలీ శవం ఇంటికి వస్తుంది. జిప్సీ బండిలో పడుకోబెట్టి, చుట్టూ అందరూ నిలబడి నిప్పు పెడతారు. వాళ్ళ ఆచారం అది. నేను తెలుగులో చెప్పడం ఆపేశాను. చెప్పాల్సిందీ లేదు. అత్త ఆఖరిదాకా చూసి "నీకు ముందే తెలుసా?" అంది. తెలుసన్నాను. "చెప్పాల్సింది" అని లేచి పెరట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలెట్టింది. ఆ రాత్రి పొద్దుపోయేదాకా బోరింగు చప్పుడు ఆగలేదు. ఆ తప్పు నాదే. బాధ పడకుండా కాపాడుతున్నాననుకుని, నలుగురితో పాటు బాధపడే అవకాశం లేకుండా చేశాను. పోలీ పేరున అత్త విడిగా డొప్ప వదులుతుందని నాకు తెలిసింది ఆ ఏడాది కార్తీకంలోనే.

ఇంతకీ ఇదంతా ఇవాళ రాసుకోవడానికి కారణం, దసరా రోజుల్లో వచ్చిన కబురు. ఈ సీరీస్‌కి కొత్తగా రెండు సీజన్లు ఖాయం చేశారు. ఒక్కోటీ ఆరు ఎపిసోడ్లు. మళ్ళీ మొదటి నుంచీ రాసిన స్టీవెన్ నైటే రాస్తాడు, షూటింగ్ బర్మింగ్‌హామ్‌లోనే. కథ 1953లో. జర్మనీ బాంబులకి దెబ్బతిన్న ఊరిని మళ్ళీ కడుతుంటారు, ఆ కట్టుబడి ఎవరి చేతిలోకి వస్తుందన్నది గొడవ. అంతకంటే ముందు ఒక సినిమా వస్తుంది, దాని షూటింగ్ నిరుడే అయిపోయింది.

రేవు నుంచి వచ్చి కాఫీ తాగుతూ మళ్ళీ ఈ కబుర్లే. రాత్రంతా రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి కాపలా ఉండి, బరకాలు తీసి వచ్చిన మామయ్య "1953 అంటే గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు" అన్నాడు. ఆయన ఈ సీరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. అత్త వేళ్ళు మడిచి "టామీకి అరవై దాటాయి. నా ఈడే" అంది.

"సినిమాలో బతికితే కదా" అన్నాను.

"బతుకుతాడు. పోయిన్సారి తన బండి తగలబడుతుంటే తెల్ల గుర్రం ఎక్కి పోయాడుగా. చావడానికి పోయేవాడు అలా పోడు."

నా బెంగ టామీ గురించి కాదు. ఆరు సీజన్లు, 36 ఎపిసోడ్లు చూసిన నాకు ఒకటి గట్టిగా అనిపిస్తుంది. ఆ ఇల్లు నిలబడింది తుపాకుల మీద కాదు, బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి "నోళ్ళు మూసుకుని వినండి" అనగలిగిన ఒక మనిషి మీద. నాలుగో సీజన్ నాకు అన్నిటికంటే ఎందుకు ఇష్టమంటే, చెల్లాచెదురైపోయిన వాళ్ళంతా టామీ తమ్ముడు జాన్ చావుతో మళ్ళీ ఆ పాత వీధికే వచ్చి కలుస్తారు. ఆరోదానిలో మాటలు తక్కువై మౌనాలు ఎక్కువయ్యాయి, అక్కడక్కడ సాగింది కూడా. కానీ పోలీ లేని లోటుని కప్పిపుచ్చకుండా ఆ ఖాళీ కుర్చీని అలాగే చూపించారు. అందుకు వాళ్ళని ఎంతైనా మెచ్చుకోవాలి.

స్టీవెన్ నైట్ వాళ్ళ నాన్న చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతుంటాడు. ఏదో కబురు ఇచ్చి రమ్మని ఆయన్ని ఒక ఇంటికి పంపిస్తే, తలుపు తీసేసరికి లోపల ఖరీదైన బట్టల్లో మనుషులు, బల్ల మీద డబ్బు కుప్ప, కానీ వాళ్ళు తాగుతున్నది జామ్ సీసాల్లో. డబ్బంతా బట్టలకే పెట్టి గ్లాసులు కొనుక్కోలేదన్నమాట. గుమ్మంలో నిలబడ్డ పిల్లాడి కళ్ళకి కనిపించినది కాబట్టే అంత నిజంగా వచ్చింది అనుకుంటాను. మరి 1953 నాటి ఈ కొత్త తరం పిల్లలని కూడా ఆయన అలా గుమ్మంలోంచే చూస్తాడా, లేక పేరుంది కదా అని సూటూ టోపీ తొడిగి వదిలేస్తారా? తొడిగి వదిలేస్తే నేను భరించలేను.

మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో కరెంటు పోయింది. అత్త విసనకర్రతో వచ్చి కూర్చుంది. పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నట్టుంది.

"ఏడా ఉంది కదే" అంది.

"ఏ ఏడా?"

"టామీ చెల్లెలు. టామీ పిల్లలకి ఏమవుతుంది? మేనత్తే కదా. పోలి పోయాక ఇల్లు చూసింది ఆ పిల్లేగా."

ఐదేళ్ళుగా ఈ సీరీస్ గురించి దొరికిందల్లా చదువుతున్నాను. టామీ కొడుకుల్లో డ్యూక్ వస్తాడా, చార్లీ వస్తాడా అని లెక్కలు కట్టాను. వరస కలిపి చూడటం నాకు తట్టలేదు. ఆరో సీజన్‌లో టామీ దూరంగా ఉన్నప్పుడు బల్ల దగ్గర ఆ చోట కూర్చున్నది ఏడానే. కొత్త కథలో ఎవరెవరుంటారో ఇంకా బయటికి రాలేదు. ఏడా ఉండాలని, తల నెరిసి, నోరు పెద్దదై, ఆ కుర్రాళ్ళని నిలబెట్టి కడిగేసేలా ఉండాలని ఇద్దరం అనుకున్నాం. నాకైతే అప్పటికప్పుడు సగం టెన్షన్ తగ్గింది.

సాయంత్రం ధాన్యం ఎత్తడానికి నేనూ వెళ్ళాను. పడిపోయిన చేలోంచి తీసిన గింజలు, రంగు మారాయి. మామయ్య గుప్పెట్లోకి తీసుకుని కొరికి చూసి ఏమీ అనలేదు. బస్తాలు కుట్టేసరికి ఏడున్నర.

అన్నాలయ్యాక మొదటి సీజన్ మళ్ళీ పెట్టాం. కొత్తది వచ్చేలోపు మొత్తం ఇంకోసారి చూసెయ్యాలని ఒప్పందం, వారానికి రెండు ఎపిసోడ్లు. ఇప్పుడు తెలుగులో చెప్పాల్సిన పని పెద్దగా లేదు, అత్తకి అన్నీ గుర్తే. నల్ల గుర్రం వచ్చింది, ఎర్ర పొడి ఊదారు. కాసేపటికి పోలీ కనిపించగానే అత్త కొంచెం ముందుకి జరిగింది, ఊరి నుంచి ఎవరో వస్తే జరిగినట్టు.

సగంలో ఆపించింది. రేపటి ఇడ్లీకి పప్పు రుబ్బలేదట. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఈసారి మధ్యలో ఎవరైనా పోతే దాచకు. ఆ రోజే చెప్పు."

సరేనన్నాను. వంటింట్లో గ్రైండర్ మొదలైంది.