బరంపురంలో డిగ్రీ ఫస్ట్ సెమిస్టర్ టైంటేబుల్‌ని నేను ఎలా దారిలోకి తెచ్చుకున్నానంటే

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు నించి ప్లస్ టూ అయిపోయాక బరంపురం వచ్చి డిగ్రీలో చేరే తెలుగు పిల్లలు ప్రతి ఏడాది ఉంటారు. హాస్టల్ ఎలా, మెస్ ఎలా, సామాను ఏం తెచ్చుకోవాలి ఇవన్నీ చెప్పేవాళ్ళు దొరుకుతారు కానీ టైంటేబుల్ గురించి ఎవరూ చెప్పరు, అదేముంది చూసుకుంటే తెలిసిపోతుంది కదా అంటారు. నాకైతే మొదటి రెండు మూడు వారాల్లో అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది దానికే, అందుకే వివరంగా రాస్తున్నా. యూనివర్సిటీ పేరు రాయట్లేదు, అవసరం కూడా లేదు, ఒడిశాలో ఇప్పుడు డిగ్రీ పద్ధతి చాలావరకు అన్నిచోట్లా ఒకలాగే ఉంది.

ప్లస్ టూలో మనకి ఒక సెక్షన్, ఒక రూము, సార్లే మన దగ్గరకి వస్తారు. ఇక్కడ నోటీస్ బోర్డు మీద ఒక పెద్ద షీట్ అంటించారు, అందులో అన్ని డిపార్ట్‌మెంట్లూ, అన్ని సెమిస్టర్లూ కలిపి ఉన్నాయి. రైల్వే స్టేషన్ బోర్డు లాంటిదన్నమాట, అందరికీ ఒకటే, అందులో మన బండి ఏదో మనమే వెతుక్కోవాలి. ఒక్కో గడిలో ఉన్నది కూడా పేపర్ పేరు కాదు, కోడ్. నా సోమవారం 10 గంటల గడిలో ఇలా ఉంది: "సి1-2 టి, ఎస్‌పి, ఎల్‌హెచ్ 3". సి1 అంటే కోర్ వన్, అంటే నా మెయిన్ సబ్జెక్ట్ కెమిస్ట్రీ, 2 అంటే రెండో పేపరు, టి అంటే థియరీ, ఎస్‌పి అనేది చెప్పే మేడమ్ పేరు షార్ట్‌గా, ఎల్‌హెచ్ 3 అంటే లెక్చర్ హాల్ 3. ఇది అర్థమయ్యాక మిగతావి తేలికే, కానీ అర్థమయ్యేదాకా పక్క వాళ్ళని అడగడమే, ఆ పక్క వాళ్ళు కూడా మనలాగే కొత్త.

సీనియర్లని అడుగుదామంటే ఇంకో చిక్కు ఉంది. ఒడిశాలో కొత్త విద్యా విధానం ప్రకారం 4 ఏళ్ళ డిగ్రీ 2024-25 నించి మొదలైంది. నేను చేరేసరికి పై క్లాసుల్లో పాత సీబీసీఎస్ (చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) బ్యాచ్ ఇంకా ఉంది, వాళ్ళ షీట్లో డీఎస్ఈ, జీఈ అని వాళ్ళ ఎలక్టివ్ పేపర్ల కోడ్లు ఉంటాయి, మాకేమో కోర్ వన్, కోర్ టూ (రెండో సబ్జెక్ట్), ఎండీసీ, ఏఈసీ, వీఏసీ. ఈ చివరి మూడూ వరసగా మల్టీ డిసిప్లినరీ కోర్సు, భాష నేర్పే ఎబిలిటీ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సు, పర్యావరణం లాంటివి ఉండే వాల్యూ యాడెడ్ కోర్సు. వాళ్ళు ప్రేమగానే చెప్తారు, కానీ వాళ్ళ కోడ్లు మన కోడ్లతో కలవవు. అందుకే మీరు ఎవరినైనా అడిగేముందు అక్కా మీరు ఏ బ్యాచ్ అని అడగండి.

నాకు నిజంగా పనికొచ్చిన మాట చెప్పింది మా హాస్టల్లో ఉండే రాయగడ అక్క. ఆ అక్క పీజీ చేస్తోంది. నేను షీట్ ఫోటో తీసుకొచ్చి జూమ్ చేసి చూస్తూ కూచుంటే, "ఏటి చెల్లీ, దానికేసి అలా చూస్తే ఏం తెలుస్తాది, ముందు సిలబస్ తీసి క్రెడిట్లు చూడు, క్రెడిట్లకీ గంటలకీ లెక్క కలవాలి, కలవలేదంటే ఎక్కడో ఒక క్లాస్ నీకు కనపడట్లేదని అర్థం" అంది. ఈ ఒక్క మాట మీదే నా సెమిస్టర్ అంతా నడిచింది.

లెక్క ఎలా అంటే, ఒక క్రెడిట్ అంటే వారానికి 1 గంట థియరీ, 15 వారాల సెమిస్టర్‌కి 15 గంటలు. ప్రాక్టికల్ అయితే ఒక క్రెడిట్‌కి వారానికి 2 గంటలు, మొత్తం 30 గంటలు. యూజీసీ లెక్కలో 3 ఏళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, 4 ఏళ్ళకి 160, అంటే సెమిస్టర్‌కి ఓ 20 వస్తాయి, అటూ ఇటూగా. మా సైన్స్ పేపర్ ఒక్కోటి 4 క్రెడిట్లు, అందులో థియరీ 3, ప్రాక్టికల్ 1. అంటే ఒక్కో పేపర్‌కి వారానికి 3 గంటల క్లాస్, 2 గంటల ల్యాబ్, మొత్తం 5 గంటలు ఉండాలి. 4 క్రెడిట్లు కాబట్టి 4 గంటలే అనుకుంటారు చాలామంది, ల్యాబ్ ఉన్న పేపర్‌కి అలా కాదు.

నేను ఒక నోట్‌బుక్ పేజీలో సోమవారం నించి శనివారం దాకా గడులు గీసి, పెద్ద షీట్లోంచి నావి మాత్రమే ఏరి రాసుకున్నా, ఒక్కో పేపర్‌కి ఒక్కో రంగు పెన్ను. తర్వాత రంగు వారీగా గంటలు కలిపి లెక్కేశాను. కెమిస్ట్రీ రెండు పేపర్లకీ 5, 5 వచ్చాయి, ఎండీసీకి 3 వచ్చింది, కోర్ టూ అయిన బోటనీకి వచ్చేసరికి 3 మాత్రమే. ల్యాబ్ ఏదీ? షీట్లో ఎక్కడా లేదు. క్లాస్‌మేట్స్‌ని అడిగితే ఇంకా మొదలవలేదేమో అన్నారు. సరే అని బోటనీ డిపార్ట్‌మెంట్‌కే వెళ్ళి చూస్తే అక్కడ పై అంతస్తులో వాళ్ళ సొంత బోర్డు మీద ల్యాబ్ లిస్ట్ విడిగా అంటించి ఉంది, రోల్ నంబర్ల వారీగా గ్రూప్ 1, గ్రూప్ 2. మేము కెమిస్ట్రీ వాళ్ళం, మా బోర్డు మా బిల్డింగ్‌లో, అక్కడికి ఎవరు వెళ్తారు? వేరే డిపార్ట్‌మెంట్ నించి వచ్చే పిల్లలు ఉన్నప్పుడు ఆ లిస్ట్ వాళ్ళ బోర్డు మీద కూడా పెట్టాలి, ఇది నేను గట్టిగా అంటాను, మొదటి సంవత్సరం పిల్లలు ల్యాబ్‌లు పోగొట్టుకునేది ఇలాంటి చోటే. నేను ఫోటో తీసి మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను, బోటనీ తీసుకున్న వాళ్ళందరూ ఆ సాయంత్రమే వెళ్ళి చూసుకున్నారు.

ల్యాబ్ దొరికింది కానీ క్లాష్ వచ్చింది. నా గ్రూప్ 1 ల్యాబ్ లక్ష్మివారం, అంటే గురువారం, 2 నించి 4. అదే లక్ష్మివారం 3 కి నాకు ఆల్టర్నేటివ్ ఇంగ్లీష్ ఉంది. ఇక్కడ భాష పేపర్‌లో ఎక్కువమంది ఒడియా తీసుకుంటారు, స్కూల్లో ఒడియా చదవని మాలాంటి వాళ్ళు ఆల్టర్నేటివ్ ఇంగ్లీష్ తీసుకుంటారు, మేము కొద్దిమందిమే కాబట్టి అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్ళనీ ఒకే క్లాస్‌లో కలిపేస్తారు, ఆ టైం కదపడం దాదాపు కుదరదు. కాబట్టి కదపాల్సింది ల్యాబే. మన వైపు నించి వచ్చిన తెలుగు పిల్లలకి ఈ క్లాష్ పడే అవకాశం ఎక్కువ, ముందు అదే చూసుకోండి.

ఆఫీస్‌కి వెళ్తే డిపార్ట్‌మెంట్‌లో అడగమన్నారు, డిపార్ట్‌మెంట్‌లో అప్లికేషన్ రాసి తెమ్మన్నారు. రాయగడ అక్క రాయించింది. ఊరికే క్లాష్ అవుతోంది, సాయం చేయండి అని రాస్తే పని జరగదు అంది. పేరు, రోల్ నంబర్, ఏ పేపరు, ఏ రోజు ఎన్ని గంటలకి దేనితో క్లాష్, నన్ను గ్రూప్ 2 లోకి మార్చండి అని కచ్చితంగా ఏం కావాలో రాసి, వెనకాల నా నోట్‌బుక్ టైంటేబుల్ పేజీ జెరాక్స్ పిన్ చేశాం. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్ ఆ జెరాక్స్ చూసే వెంటనే గ్రహించారు, లేకపోతే ఆ పెద్ద షీట్ తీసి వెతకాలి కదా. "గ్రూప్ 2 లో మైక్రోస్కోపులు సరిపోవు, అక్కడ నించి ఎవరైనా ఇటు వస్తామంటే మారుస్తాను" అన్నారు. నేను వెతికితే ఛత్రపూర్ నించి రోజూ ట్రైన్‌లో వచ్చి వెళ్ళే అబ్బాయి ఒకడు దొరికాడు, గ్రూప్ 2 ల్యాబ్ శనివారం, వాడికి శనివారం ఆ ఒక్క ల్యాబ్ కోసమే రావాల్సి వస్తోంది, లక్ష్మివారం ఇస్తే సంతోషం అన్నాడు. ఇద్దరం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇచ్చాం. సార్ సంతకం, ల్యాబ్ చూసే మేడమ్ సంతకం రెండూ అయ్యాక అటెండెన్స్ రిజిస్టర్‌లో నా పేరు గ్రూప్ 2 లోకి మార్చారా లేదా అని కూడా చూసుకున్నా. ఇది చాలా ముఖ్యం, మనం శనివారం వెళ్తూ ఉంటాం, రిజిస్టర్‌లో లక్ష్మివారం ఆబ్సెంట్ పడుతూ ఉంటుంది.

ఇక శనివారం ల్యాబ్ అనేసరికి ఇంటికి వెళ్ళడం గొడవ మొదలైంది. మాది పర్లాకిమిడి, పూరి నించి గుణుపూర్ వెళ్ళే ట్రైన్ బరంపురం మీదుగా పలాస, నౌపడ దాటి మా ఊరు వస్తుంది. అమ్మ ఫోన్‌లో, "శుక్రవారం రాత్రికి వచ్చేత్తావనుకున్నాను కదమ్మా, ఒక్క క్లాసే కదా, మానేస్తే ఏటవుతాది" అంది. నేను లెక్క చెప్పాను. 75 శాతం అటెండెన్స్ మా దగ్గర పేపర్ వారీగా, ల్యాబ్ విడిగా చూస్తారు. థియరీ సెమిస్టర్‌కి 45 క్లాసులు, 34 కి వెళ్తే చాలు, 11 పోయినా ఫర్వాలేదు. ల్యాబ్ 15 మాత్రమే, 12 కి వెళ్ళాలి, 3 పోవచ్చు అంతే. పైగా ఆ 75 శాతం జరిగిన క్లాసుల మీద. దసరా సెలవులు, మధ్యలో వచ్చే పండగలు శనివారం పడి ల్యాబ్‌లు 11 కి తగ్గితే 9 కి వెళ్ళాలి, అప్పుడు పోగొట్టుకోగలిగేది 2. జ్వరానికి ఒకటి ఉంచుకోవాలి కదా. అమ్మ కాసేపు ఆగి, "అయితే ల్యాబ్ అయ్యాకే బయల్దేరు, ఆదివారం రాత్రి పోదువు గాని" అంది. అలా నెలకోసారి శనివారం ల్యాబ్ అయ్యాక వెళ్ళి వచ్చేదాన్ని. నాన్న పలాస దాకా వచ్చి తీసుకెళ్ళిన రోజులూ ఉన్నాయి.

మధ్యలో వచ్చే ఖాళీల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మంగళవారం నాకు 11 నించి 2 దాకా ఖాళీ, హాస్టల్‌కి వెళ్తే నిద్రపోతాం, అందుకే లైబ్రరీలో కూచుని ల్యాబ్ రికార్డ్ రాసేసేదాన్ని. మెస్‌లో భోజనం ఎన్ని గంటల దాకా పెడతారో మాత్రం టైంటేబుల్ పక్కనే రాసుకోండి, 2 దాకా క్లాస్ ఉన్న రోజు ముందే చెప్తే ప్లేట్ తీసి పెడతారు.

ఫోన్‌లో గూగుల్ క్యాలెండర్‌లో కూడా పెట్టుకున్నా, ఒకసారి ఎక్కించి వారం వారం రిపీట్ అని నొక్కితే సెమిస్టర్ అంతా వచ్చేస్తుంది, రూము నంబర్ కూడా అందులోనే రాసుకోవచ్చు. కానీ రిపీట్ ఎప్పుడు ఆగాలో తేదీ కూడా ఇవ్వండి, లేకపోతే పరీక్షల్లో కూడా క్లాస్ ఉందని మోగుతూ ఉంటుంది. మొదటి నెలలో షీట్ మారుతూనే ఉంటుంది, కొత్త గెస్ట్ ఫ్యాకల్టీ వస్తారు, రూములు మారతాయి, అందుకని బోర్డు మీది కాగితం కింద తేదీ చూసి మన కాపీ మీద అదే తేదీ వేసుకోవాలి. ఎవరైనా గ్రూప్‌లో టైంటేబుల్ ఫోటో పంపితే నేను ముందు చూసేది ఆ తేదీయే.

సెకండ్ సెమిస్టర్ షీట్ వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నించి ఇదే పని, నోట్‌బుక్, రంగు పెన్నులు, క్రెడిట్ల లెక్క, రెండు డిపార్ట్‌మెంట్ల బోర్డులూ. ఈసారి బోటనీ ల్యాబ్ మంగళవారం పడింది, శుక్రవారం 3 కల్లా ఫ్రీ. ఎండలు ముదిరాక క్లాసులు పొద్దున్న పూటకి మార్చేస్తారు, అప్పుడు వరస అదే ఉంటుంది, గంటలు మాత్రమే ముందుకి జరుగుతాయి, పొద్దున్నే మెస్‌లో టిఫిన్ ఎన్ని గంటలకి మొదలెడతారో వార్డెన్ మేడమ్‌ని ఒకరోజు ముందే అడిగి పెట్టుకోండి.